కాగితం మీదికొచ్చిన దడ

2008 ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున, ఇటిక్యాలలో పదేళ్ల పావనికి గుండెదడ మళ్లీ వచ్చింది. నాయనమ్మ రంగమ్మ నీళ్లకుండ మీద మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

అంతకుముందు దడ వచ్చిన ప్రతిసారీ ఆమె పిల్ల ముఖాన్ని చన్నీళ్లలో ముంచేది. దయ్యపు గాలి సోకితే అట్లా చేయాలని రంగమ్మకు ఆమె తల్లి చెప్పింది. దడ ఆగేది. తర్వాత గద్వాల పోతే ఈసీజీలో ఏమీ కనిపించేది కాదు. పిల్ల భయపడ్డదనో, రక్తం తక్కువనో మందులు రాసేవారు. కిందటి నెల అక్కడి డాక్టర్ రాఘవేందర్ మాత్రం, ఇంటి దగ్గర ఏం చేశారని అడిగాడు. రంగమ్మ నీళ్ల సంగతి చెప్పింది.

"నీళ్లతోని ఆగుడు నిజమే అవ్వా. ఆగినంక నాకేం కనవడ్తది? దొంగ పోయినంక పోలీసులొచ్చినట్టున్నది. ఈసారి దడతోనే తీస్కరా. కండ్లు తేలేస్తే మాత్రం నాకోసం సూడకు, దగ్గరున్న దవాఖానకు ఉరుకు."

పక్కింటి బాలన్న ఆటో తీశాడు. ఎక్కగానే పావని అడిగింది.

"అవ్వా, నీళ్లు."

"జర ఓర్సుకో బిడ్డా."

"ఏందత్తా, పిల్ల గట్ల రొప్పుతుంటే సూస్తున్నవా? గుండెల రాయి పెట్టుకున్నవా?" అన్నాడు బాలన్న.

"నువ్వు తొవ్వ సూసి నడుపు. రాయి సంగతి గద్వాలల సెప్త."

ఎర్రవల్లి చౌరస్తాలో హోటల్ ముందు నీళ్ల డ్రమ్ము ఉంది. బాలన్న ఆటో ఆపి దిగబోయాడు. రంగమ్మ అతని అంగీ పట్టుకుంది. పావని ముఖం చూసింది. పిల్ల కళ్లు తెరిచి తనవైపే చూస్తోంది.

"పోనియ్," అంది.

గద్వాలలో ఈసీజీ తీస్తున్నంతసేపూ దడ ఉంది. కాగితం చూశాక రాఘవేందర్ సూది మందు ఇచ్చాడు. దడ ఆగింది.

"దొరికింది. ఈమె గుండెల పుట్టుకతోనే కరెంటు పోయే దారి ఒకటి ఎక్కువున్నది. తొడకాడి నరంలకెల్లి సన్న తీగ పంపి కాలుస్తరు. హైదరాబాదుకు రాసిస్త."

"గుండెను కాలుస్తరా సారూ?"

"ఆ దారినే. గట్టు మీద గడ్డి కాలుస్తరు గద, చేనుకు అంటనియ్యకుండ."

"అయితే గాలి కాదు?"

"కాదవ్వా."

మార్చిలో హైదరాబాదులో చికిత్స జరిగింది. పావనికి మత్తు ఇచ్చి, తీగ కొనతో ఆ దారిని కాల్చారు. తర్వాత ఆ దారి పూర్తిగా పోయిందో లేదో తేల్చుకోవడానికి, డాక్టర్లు తీగతోనే మళ్లీ దడ రప్పించాలని చూశారు. రాలేదు.