సన్యాసి హస్తవాసి

నేను ఒక థర్మామీటరును. కంగారుపడి నోరు తెరవకండి, జ్వరం చూసే రకాన్ని కాను. నాది వైను సీసాల వైద్యం. ఏ వైను ఎంత చల్లగా ఉంటే దాని రుచి నిలబడుతుందో చెప్పడమే నా కొలువు.

పుట్టింది సముద్రాల అవతల ఏదో చలిదేశంలో. ఊరిపేరు అడక్కండి, పురిటిగది ఎవరికి గుర్తుంటుంది? ఒక్కటి మాత్రం మరిచిపోలేదు. వెండిలా మెరుస్తూ, నేలమీద వేస్తే చేపపిల్లలా జారిపోయే పాదరసాన్ని నేను. అలాంటి నన్ను ఒక గడ్డపాయన గాజుగొట్టంలోకి ఎక్కించి, పైమూతిని మంటలో కరిగించి మూసేశాడు. మీకు పుట్టగానే బొడ్డు కోస్తారు. నాకు పుట్టగానే మూతి మూశారు. ఆనాటి నుంచి నాకు దిక్కులు రెండే, పైకీ కిందికీ. పక్కకు తిరిగి చూద్దామంటే గాజు.

నా మొదటి యజమాని ఓడ కెప్టెను. ఆయనకు నేనంటే పిచ్చి. వైనుతో ఆగక సూపులోనూ, స్నానం తొట్టిలోనూ ముంచేవాడు. ఒకసారి భార్య దగ్గర్నుంచి ఉత్తరం వస్తే, విప్పకుండానే నన్ను అందులో దూర్చి చూశాడు. నేను గడ్డకట్టేంత కిందికి దిగిపోయాను. ఆయన ఆ ఉత్తరం చదవకుండానే సముద్రంలో పారేశాడు. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. ఆ చోట నాలుగు చేపలు జలుబు చేసి చచ్చాయి.

ఆ కెప్టెను ఓడ విశాఖపట్నం రేవుకు వచ్చినప్పుడు, ఒడ్డునున్న క్లబ్బులో విందుకు పిలిచారు. ఆయన తన పెట్టెలోంచి సీసాలు తెచ్చాడు, నన్నూ తెచ్చాడు. వెళ్ళేటప్పుడు సీసాలు ఖాళీ, ఆయన నిండు. నన్ను బల్లమీదే మరిచిపోయి ఓడెక్కేశాడు. తెల్లారి బల్ల తుడుస్తూ నన్ను తీసి దాచినవాడు కోరాడ సన్యాసి, ఆ క్లబ్బు బట్లరు. వైను పోసే మనిషికి ఆ పేరు పెట్టిన తల్లిదండ్రుల ముందుచూపుకి దండం పెట్టాలి. కెప్టెను తిరిగొస్తే ఇచ్చేద్దామనే దాచాడు. సముద్రం ఆయన్ని తిరిగి ఇవ్వలేదు.

ఆ రోజుల్లో క్లబ్బు ప్రెసిడెంటు పెనుమత్స ముకుందరాజు గారు. ఆయనకు వైను గురించి తెలిసిందల్లా ఎవరో చెప్పిన ఒక్క సూత్రం: తెల్లది చల్లగా, ఎర్రది గది వేడిలో. ఆ సూత్రం కట్టినవాడి గదిలో కిటికీ తీస్తే మంచు పడుతుంది. విశాఖపట్నంలో రోహిణి కార్తెలో గది అంటే బల్లమీద పెట్టిన అప్పడం దానంతటదే పొంగే చోటు. అయినా సూత్రం సూత్రమే. ఎర్ర వైను కషాయంలా పోసేవారు. పెద్దమనుషులు చెమట తుడుచుకుంటూ 'ఆహా' అనేవారు. ఆహా అనకపోతే తెలియనివాడనుకుంటారని ప్రతివాడికీ భయం.

సన్యాసి ఒకరోజు ఆ సీసాలో నన్ను ముంచి చూశాడు. నేను ఎగబాకి, కెప్టెను ఎర్ర వైనుకని గీసుకున్న గీటు దాటి పై అంతస్తుకు పోయాను. సన్యాసికి నా ఒంటిమీది అంకెలు రావు గానీ, కెప్టెను గీసిన గీట్లు కనబడ్డాయి. విందునాడు కెప్టెను ఏ సీసాకు ఏ గీటు చూశాడో గుర్తుతెచ్చుకుని, మూడు గీట్లకూ మూడు దారాలు కట్టాడు. అన్నిటికన్నా కింద నీలం దారం, బుడగలొచ్చే వైనుకు. దానిపైన తెల్ల దారం, తెల్లదానికి. ఇంకా పైన ఎర్ర దారం, ఎర్రదానికి. బుడగల సీసాను ఐసులో ఉప్పు కలిపి నిలువునా పాతిపెట్టేవాడు. తెల్లదాన్ని ఉప్పులేని ఐసులో ఉంచేవాడు. ఎర్రదానికి తడి గోనె చుట్టి, ఐసుబుట్టకు ఆనించి కూర్చోబెట్టేవాడు, చుట్టపుచూపుగా వచ్చిన అల్లుడిలా. సామాన్ల గదిలో మూత తీసి, నన్ను ముంచి, నేను దారానికి చేరగానే తుడిచి చొక్కా చేతిలోకి తోసుకుని, సీసా పట్టుకుని బయటికి వెళ్ళేవాడు.

మొదటిసారి అలా పోసిన సాయంత్రం హాల్లో ఎవరూ చెమట తుడుచుకోలేదు. ఈసారి ఆహా అనడం మరిచిపోయి అందరూ తాగారు.

"ఏరా సన్యాసీ, ఏం చేశావు దీన్ని?" అన్నారు రాజుగారు.

అప్పుడు నేను సన్యాసి మణికట్టు దగ్గరే ఉన్నాను. నాడి దడదడలాడింది. థర్మామీటరు ఉందంటే, కెప్టెను సొమ్ము కాజేశావంటారేమోనని భయం.

"సేత్తో ముట్టుకు సూసినాను బాబూ," అన్నాడు.

అంతే. ఆ నాలుగు మాటలే ఆయనకు గాజుగొట్టమయ్యాయి.

ఇక చూడండి. మర్నాటికి సన్యాసి వేళ్ళ గురించి ఊరంతా కథలు. సీసా ముట్టుకోకుండా నీడ ముట్టుకుని చెబుతాడని ఒకాయన, సన్యాసి చేత్తో తాకితే కాఫీ కూడా చల్లబడుతుందని ఇంకొకాయన. నాకన్నా పెద్ద అబద్ధాలకోర్లు క్లబ్బు నిండా ఉన్నారు. బల్ల దగ్గర కళ్ళు మూసుకుని సీసామీద మూడు వేళ్ళు ఆనించకపోతే ఎవరూ గ్లాసు ముట్టరు. అసలు వైద్యం లోపల నేను చేసేశాక, బయట ఆయన నాటకం.

ఆ వేళ్ళే ఆయన్ని కట్టిపడేశాయి. భార్య నూకాలు భీమిలిలో ఇడ్లీ దుకాణం నడిపేది. రెండేళ్ళుగా ఆమె కుడి రెట్ట లేవడం లేదు. పిండి రుబ్బలేక దుకాణం పూటపూటకూ సన్నగిల్లుతోంది. సన్యాసి వెళ్తే నిలబడుతుంది, లేకపోతే మూతపడుతుంది. సెలవిప్పించమని అడిగిన ప్రతిసారీ రాజుగారిది ఒకటే పాట.

"నువ్వెళ్తే ఆ వేళ్ళు ఎవడికున్నాయిరా? ఈ సంక్రాంతి వెళ్ళనీ చూద్దాం."

చెప్పకుండా పోవడానికి సన్యాసికి మనసొప్పదు. పాతికేళ్ళ కింద ఆయన్ని పనిలో పెట్టింది రాజుగారే. ఒక సాయంత్రం తెగించి, అందరి ముందూ నిజం చెప్పేశాడు.

"బాబూ, నా ఏళ్ళలో ఏటీ నేదు. ఒక గాజుపుల్ల ఉంది. అదే సెప్తాది. తెచ్చి సూపించమంటారా?"

హాలంతా నవ్వులు. "వినయం అంటే ఇదీ," అన్నారు రాజుగారు పక్కాయనతో. "ముందు గ్లాసులు నింపరా."

చొక్కా చేతిలో నేను, గాజులో పాదరసాన్ని. చొక్కాలో సన్యాసి, కథలో మనిషి. ఎవరం ఎక్కువ ఇరుక్కున్నామో ఆ సాయంత్రం నాకు తెలియలేదు.

ఆ వారంలోనే నూకాలు క్లబ్బుకు వచ్చింది. పెరటి గుమ్మం దగ్గర కూర్చుని, ఎడమచేత్తో కుడి రెట్ట పట్టుకుని అంతా వింది.

"నిజం సెప్తే నవ్వినారా?"

"నవ్వినారు."

"మరి నవ్వరేటి? కూకుని తాగినోలికి నిజం ఎందుకు? మావా, మా సిన్నాన్నకి తేలుమంత్రం ఉండీది గుర్తుందా? ఊరు ఊరంతా ఆయన్ని కదలనిచ్చీవోరు కాదు. పెల్లికెల్తే ఎనక్కి లాక్కొచ్చీవోరు."

"అయితే?"

"గ్రహణం నాడు నీల్లల్లో నిలబడి మంత్రం మా తమ్ముడికి ఒప్పజెప్పీసినాడు. మంత్రం ఇంకోల సెవిలో పడితే ఇచ్చినోడికి పంజెయ్యదు కదా. ఆ మర్నాడు నుంచి మా సిన్నాన్న కాలుమీద కాలేసుకుని సుట్ట కాల్చుకున్నాడు. తేలు కుట్టినోలు ఆ గుమ్మం తొక్కితే ఒట్టు."

సన్యాసి తన మూడు వేళ్ళూ ఆమె ముందు చాపాడు.

"నాకాడ మంత్రం నేదు గదే."

"ఉన్నాదని ఆలనుకుంటన్నారు గదా. ఆలకిష్టమైందే ఆలకియ్యి."

రాజుగారి దగ్గర ఈ మాట ఎత్తగానే ఏమయిందో మీరే ఊహించుకోండి. హస్తవాసి ఎవరికివ్వాలో సన్యాసి తేల్చుకోలేకపోతున్నానని నసిగాడు. రాజుగారు కుర్చీలో ముందుకు జరిగారు.

"ఎవడికో ఎందుకురా ఇవ్వడం? నా చేయి చూడు, ఎప్పుడూ చల్లగానే ఉంటుంది."

సూర్యగ్రహణం నాడు పొద్దున్న సన్యాసి నన్ను కడిగి, దారాలు కొత్తవి కట్టి, సామాన్ల గదిలో కిటికీ పక్కనున్న అలమారాలో నిలబెట్టాడు. నా ముందు నిలబడి చెవిలో చెప్పబోయే మంత్రం నాలుగుసార్లు వల్లించుకున్నాడు. తర్వాత నా నెత్తిమీద వేలు పెట్టి, "తప్పదురా," అన్నాడు. నేను కొంచెం పైకెక్కాను. ఆయన వేలు వెచ్చగా ఉంది మరి.

అలమారాలో ఉన్నదానివి సముద్రం ఎలా చూశావంటారా? కిటికీ అటువైపే ఉంది, అలమారా తలుపుకు సందూ ఉంది. పట్టుపంచె కట్టి రాజుగారు నడుములోతు నీళ్ళలో నిలబడ్డారు. ఒక కెరటం పంచె లాగుతుంటే ఒక చేత్తో పంచె, ఒక చేత్తో నమస్కారం. ఒడ్డున క్లబ్బు మెంబర్లంతా ఉపవాసంతో నిలబడ్డారు. వెలుగు మసకబారుతుండగా సన్యాసి ఆయన చెవి దగ్గరికి వంగాడు.

ఆయన చెప్పిన మంత్రం ఇది:

"సామాన్ల గదిలో కిటికీ పక్క అలమారాలో గాజుపుల్ల ఉంది బాబూ. బుడగలదానికి నీలం దారం, తెల్లదానికి తెల్లదారం, ఎర్రదానికి ఎర్రదారం. గది ఏడి మాట నమ్మకండి. ఎవులికీ సెప్పకండి, సెప్తే పోద్ది."

అంతకుముందు నిండు హాల్లో చెబితే నవ్విన మాటే. నీళ్ళలో, చీకట్లో, చెవిలో పడేసరికి రాజుగారు కళ్ళు మూసుకుని తలూపారు.

సన్యాసి ఆ మధ్యాహ్నం బస్సెక్కాడు. నన్ను తీసుకుపోతే రాజుగారి వైను పాడవుతుంది, పాడైతే సన్యాసికి మళ్ళీ కబురొస్తుంది. ఆయన విడుదలకు నన్ను జామీను పెట్టి వెళ్ళాడు. నేను కోపం తెచ్చుకోలేదు. నాకు వచ్చేది వేడి ఒక్కటే.

సాయంత్రం విందు. రాజుగారు ఒంటరిగా సామాన్ల గదిలోకి వచ్చారు. అలమారా తెరిచారు. నన్ను చూశారు. దారాలు చూశారు. మంత్రం అక్షరాలా నిజమని అప్పుడు అర్థమైంది. మొహం ముందు తెల్లదారం రంగుకు, తర్వాత ఎర్రదారం రంగుకు మారింది. బయట మెంబర్లు కొత్త హస్తవాసి కోసం ఎదురుచూస్తున్నారు. అటు తలుపు, ఇటు నేను. సీసా మూత తీసి, నన్ను ముంచారు. దారానికి చేరాక నన్ను తుడిచి, పట్టుచొక్కా చేతిలోకి తోసుకున్నారు. బయటికెళ్ళి కళ్ళు మూసుకుని సీసామీద మూడు వేళ్ళు ఆనించారు.

"ఆహా," అన్నారందరూ.

ఆ తర్వాత ఆయన కూతురి ఇంటికి వెళ్ళలేదు, తీర్థయాత్రకు వెళ్ళలేదు, ఒంట్లో బాగోకపోయినా పడుకోలేదు. రాజుగారు లేకపోతే వైను ఎవరు చూస్తారని మెంబర్లు ఇంటికొచ్చి మరీ లేపుకుపోయేవారు. చివరికి ఒక ఉదయం నన్ను జేబులో వేసుకుని భీమిలి వెళ్ళారు. దుకాణం ముందు జనం. సన్యాసి తల వంచుకుని పొత్రం తిప్పుతున్నాడు. నూకాలు ఎడమచేత్తో ఇడ్లీలు తీస్తోంది. రాజుగారు బల్లమీద కూర్చుని, ఇద్దరికీ మాత్రమే వినబడేలా అడిగారు.

"ఒరే సన్యాసీ, మళ్ళీ గ్రహణం ఎప్పుడురా?"

సన్యాసి పొత్రం ఆపలేదు. నూకాలే అంది.

"బేగీ నేదంట బాబూ. ఇడ్లీ సల్లారిపోతంది, తినండి."

రాజుగారు తిన్నారు. వెళ్ళేముందు వంగి సన్యాసి చేతికేసి చూశారు. పిండితో తెల్లగా, ఏ మంత్రమూ లేకుండా ఉంది.

గ్రహణాలు వచ్చాయి గానీ, ఆయన్నుంచి పుచ్చుకుంటానని ఎవరూ రాలేదు. అంత భాగ్యం మాకెక్కడిదని దండాలు పెట్టి తప్పుకున్నారు. ఆయన పోయాక ఆయన జేబులో దొరికిన నన్ను, హాల్లో కప్పులూ షీల్డులూ ఉన్న అద్దాల బీరువాలో పెట్టారు. దారాలు చివికి రాలిపోయాయి. కింద చీటీ అంటించారు: 'కీర్తిశేషులు ముకుందరాజు గారి జ్వరం థర్మామీటరు.'

గాజులో నేను, ఆ గాజు ఇంకో గాజులో. మళ్ళీ రోహిణి కార్తె వచ్చింది. అద్దానికి అవతల ఎర్ర వైను గది వేడిలో పోస్తున్నారు, చెమట తుడుచుకుంటూ ఆహా అంటున్నారు. ఒకప్పుడు ఎర్రదారం ఉన్న చోటు దాటి నేను పైకి, ఇంకా పైకి ఎక్కి, మూసిన మూతికేసి చూస్తున్నాను. ఒళ్ళంతా అంకెలే. చదివేవాడు ఒక్కడూ ఇటు తిరగడు.