ఆగి మాట్లాడే అమ్మాయి

ఇంట్లో ఆమెను వసపిట్ట అంటారు. ఆ పేరు పెట్టింది నాన్న. ఎదుటివాళ్ల ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేసేది. "ఆలు లేదు, చూలు లేదు, నీ జవాబు మాత్రం తయారు" అనేవాడాయన. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పుడా పేరుతో పిలిచేది అమ్మ ఒక్కతే.

సముద్రానికి అవతల ఉన్న యూనివర్సిటీలో చేరినా ఆమె ఇంతవరకూ దాని గడప తొక్కలేదు. అమ్మ కుట్టుమిషన్ గదిని ఆనుకుని ఉన్న చిన్న గదిలో, కంప్యూటర్ ముందే చదువంతా. క్లాసులో దేశానికొకరు ఉన్నారు.

ఒకరోజు మేడమ్, పెద్ద సభలో క్లాసు తరఫున ఎవరు మాట్లాడతారని అడిగింది. ఎప్పుడూ టోపీ తీయని కుర్రాడొకడు ఈమె పేరు చెప్పాడు.

"మేమంతా నోటికొచ్చింది అనేస్తాం. తను విని, ఆగి, ఆలోచించుకుని చెప్తుంది."

అందరూ చేతులెత్తారు. ఆమె వెనక్కి తిరిగి చూసుకుంది. గోడ తప్ప ఎవరూ లేరు.

తర్వాత పాత క్లాసుల వీడియోలు పెట్టుకుని చూసింది. ప్రశ్న అయిపోతుంది. తెర మీద అమ్మాయి పెదవి కదపదు, కళ్లు కదపదు. అందరూ ఎదురుచూస్తారు. అప్పుడు జవాబు. అంతా నెట్ చలవ. ఈమె గడగడా అన్న మాట నత్తలా పాకి అక్కడికి చేరేది.

అమ్మకు చెబితే మిషన్ ఆపి మరీ నవ్వింది.

"నువ్వా? నిదానమా? మీ నాన్న వింటే..." అని చేతిలోని గుడ్డ మడత సర్దింది. "మరి నెట్ సంగతి వాళ్లకు చెప్పలేదే?" అంది.

"చెప్పానమ్మా. నా మాట వెళ్లేలోపు మేడమ్ వేరే పాఠంలోకి వెళ్లిపోయింది."

చెప్పింది అబద్ధం. తెర మీది ఆ నిదానపు పిల్ల ఆమెకు నచ్చింది. సభలో ఆ పిల్లే మాట్లాడాలని ఉంది.

మర్నాడు నెట్ మనిషి వచ్చి తీగ మార్చాడు. "ఇక చూస్కోండమ్మా, మీరు అనుకునేలోపే వెళ్లిపోతుంది" అన్నాడు. ఆమె అతని చేతిలోని పాత తీగ వంకే చూసింది.

ఆ తర్వాతి రోజు క్లాసులో మేడమ్ అడిగింది: "సభకు సిద్ధమేనా?"

'సిద్ధమే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని పట్టి ఆపింది. ఆ కాస్త ఎడంలో, ఇన్నాళ్లూ చూడనివి కనిపించాయి. మేడమ్ తల ఒక పక్కకు వంచి చూస్తోంది. టోపీ కుర్రాడు ముందుకు వంగాడు. ఇంతమంది తన కోసం ఆగేవారా? నాలుక మీదున్న మాట మెల్లగా జారిపోయి, దాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంది.

"నేను ఆలోచించడానికి ఆగేదాన్ని కాదు. మా నెట్ ఆగేది. నిన్ననే బాగుచేయించాం."

ఎవరూ నవ్వలేదు. టోపీ కుర్రాడు నుదురు చిట్లించాడు.

"మరి ఇప్పుడెందుకు ఆగావు?"

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. వెతికింది. ఎప్పుడూ తయారుగా ఉండే చోట ఏమీ లేదు.

పక్క గదిలో మిషన్ చప్పుడు ఆగింది.

"ఏమే వసపిట్టా, పలకవేం? నెట్ మళ్లీ పోయిందా?"

"లేదమ్మా" అంది ఆమె, చాలాసేపటికి. "ఉంది."