వంకాయ రంగు దాటాక

స్ప్రింగు మళ్ళీ విరిగింది. టిక్కుమని విరిగి, ఎగిరి, బీరువా కిందికి పోయింది. టపాకాయ దాన్ని వెతకలేదు. వెతికి ఏం చేస్తుంది, అతికిస్తుందా?

టపాకాయ అన్నది గడియారాల ఫ్యాక్టరీలో తోటివాళ్ళు పెట్టిన పేరు. నోరు తెరిస్తే పేలుతుందని. ఆ ఫ్యాక్టరీ మూతపడింది, పనిచేసినవాళ్ళు తలో దిక్కూ పోయారు, ఆమె జుట్టు నెరిసింది. పేరు మాత్రం వదల్లేదు.

బల్ల మీద చెకుముకి తుపాకీ ఉంది. ఆమె చిటికెనవేలంత ఉంటుంది. మ్యూజియం అద్దాల పెట్టెలోని పాతకాలపు సిపాయి తుపాకీకి అచ్చు నకలు. మీట నొక్కితే రాతిముక్క ముందుకు దూకి, ఉక్కు రేకును గీకి, నిప్పురవ్వ రాల్చాలి. ఆ దూకించే స్ప్రింగే కుదరడం లేదు. బీరువాలో మిగిలినవన్నీ పనిచేస్తాయి. సూదిని విసిరే విల్లుంది. మిరియపు గింజను గోడకేసి కొట్టే రాళ్ళయంత్రం ఉంది. అగ్గిపెట్టెలో పట్టే ఫిరంగి కూడా ఉంది.

అన్నీ టపాకాయా, అదే ఫ్యాక్టరీలో పనిచేసిన ఆమె అక్కా కలిసి చేసినవే. కర్రపనీ గొట్టాలూ టపాకాయవి, స్ప్రింగులు అక్కవి. సెలవు దొరికితే మ్యూజియానికి పోయి, అద్దానికి ముక్కులు ఆనించి, కొలతలు కళ్ళతోనే ఎత్తుకొచ్చేవాళ్ళు. "ఇవి పట్టుకుని ఎంతమంది నోళ్ళు నొక్కారో! మన చేతికి చిక్కితే చూడవే, అగ్గిపెట్టెలో బజ్జుంటాయి," అని అక్క పడీపడీ నవ్వేది. పనిచెయ్యని నకలు వట్టి బొమ్మ అనేది కూడా అక్కే.

తర్వాత సమ్మె వచ్చింది. టపాకాయ జెండా పట్టుకుని గేటు ముందు నిలబడింది. ఒక పొద్దున యాజమాన్యం పంపిన బస్సు ఆగింది. దిగి, తలకాయలు వంచుకుని లోపలికి పోయినవాళ్ళలో అక్క ఉంది. ఆ పొద్దుతో మాటలు తెగిపోయాయి. సమ్మె ఓడిపోయింది. అక్క ఒక్కతే ఓడించిందని ఎవరూ అనలేరు. కానీ ఆ గేటు దాటిన ప్రతి కాలూ ఓడించింది. ఇందులో నాన్చుతూ మాట్లాడటానికేమీ లేదు.

అయినా చెవి ఊరుకోదు. ఉక్కును కాల్చి నూనెలో ముంచితే గాజులా పెళుసెక్కుతుంది. దాన్ని మళ్ళీ ఇత్తడి పొడి మీద పెట్టి, సన్నని సెగన వెచ్చబెట్టాలి. ముందు ఎండుగడ్డి రంగు వస్తుంది, తర్వాత వంకాయ రంగు, ఆ తర్వాత నెమలికంఠం. అక్కడ దించాలి. అది వచ్చిన క్షణాన అక్క తనలో తానే "ఊఁ" అనేది. బల్లకు ఇవతల ఆకురాయి పడుతున్న టపాకాయకు ఆ "ఊఁ" వినపడితే చాలు, పని అయినట్టే. ఇప్పటికీ దీపం వెలిగించిన ప్రతిసారీ ఆమె చెవి దానికోసం కాచుకుని ఉంటుంది. రాదు. ఉండబట్టలేక దించేస్తుంది. స్ప్రింగు విరుగుతుంది.

అక్క మొగుడు, గొడుగులు బాగుచేసే బావ మాత్రం ఈ ఇంటికి రావడం మానలేదు. గొడవ అక్కాచెల్లెళ్ళది, టీ నాది అంటాడు. ఆ రోజూ వచ్చాడు.

"ఏం మరదలు పిల్లా, ఇవాళ ఎన్ని స్ప్రింగుల్ని పొట్టనబెట్టుకున్నావు?"

"నువ్వే లెక్కపెట్టుకో బావా. ఎండాకాలం నీ మొహం ఎవరు చూస్తారు గనక!"

"మీ అక్కకి చెప్పనా, ఒకటి చేసిమ్మని?"

"చెప్పి చూడు. నీ గొడుగులన్నిటికీ చిల్లులు పెడతా."

ఇంకో రోజైతే ఇక్కడ నవ్వేవాడు. ఇవాళ గ్లాసు కింద పెట్టాడు.

"చెప్పినా చెయ్యలేదులే. కళ్ళు పోతున్నాయి దానికి. వెనకాల నరమేదో ఎండిపోతోందట. బాగయ్యేది కాదన్నారు. ముందు రంగులు పోతాయట. మొన్న ఎర్ర గొడుగు తెచ్చి, ఈ నల్లదానికి పుల్ల మార్చావా అంది. వేళాకోళం అనుకున్నాను. నవ్వాను, వెధవని."

టపాకాయ పేలలేదు. తుపాకీని అగ్గిపెట్టెలో పెట్టి, ఒక ఉక్కు బద్ద తీసుకుని లేచింది. ఇన్నేళ్ళూ ఆ వీధి తగలకుండా చుట్టు తిరిగిన మనిషి, సూటిగా అక్క గుమ్మానికే పోయింది. తలుపు కొట్టింది.

కిటికీ దగ్గర బల్ల ముందు అక్క కూర్చుని ఉంది. అదే బల్ల. "ఎవరూ?" అంది.

"నేనే."

"తలుపు కొట్టి వచ్చావుగా?" అంది అక్క.

"కొట్టాను."

"అయితే నువ్వు కాదులే. నా చెల్లెలు తోసుకుని వస్తుంది."

టపాకాయ బల్ల దగ్గరికి నడిచింది. అనాల్సింది అనేసింది. "నువ్వు చేసింది తప్పే అక్కా."

"తప్పే. భయమేసింది, పోయాను. ఇంకేదో కారణం చెబుతానని చూడకు, లేదు. ఏం తెచ్చావు?"

అగ్గిపెట్టె చేతిలో పెట్టింది. అక్క వేళ్ళు తుపాకీని తడిమాయి. "మనం మొదలుపెట్టిందేనా ఇది? ఇంకా నడుస్తోందా దీని భాగోతం?"

"స్ప్రింగు నిలవట్లేదు."

"వంకాయ దగ్గరే దించేస్తుంటావు."

"లేదు, నీలం దాకా ఉంచుతాను."

"ఉంచవు. నాకు తెలీదూ?"

బద్దను అక్కే వంచింది. కాల్చి, నూనెలో ముంచి, రుద్దింది. అంతా చేతి తడుముడే. దీపం మీద ఇత్తడి పొడి గరిటె పెట్టి, "రంగు చెప్పు. నాకిప్పుడు అన్నీ బూడిదే," అంది.

"గడ్డి రంగు."

"ఉండు."

"వంకాయ. అక్కా, వచ్చేసింది, దించెయ్!"

"నెమలి వచ్చిందా?"

"వచ్చేట్టే ఉంది."

"వచ్చేట్టుంటే రాలేదనే. సమ్మెలోనూ ఇంతే నువ్వు. రేపే గెలుస్తాం, రేపే గెలుస్తాం!"

ఆ మాట సూదిలా దిగింది. ఇంకోచోటైతే గరిటె గోడకు తగిలేది. టపాకాయ పళ్ళు బిగబట్టి ఉక్కునే చూసింది. వంకాయ రంగు ముదిరింది, అంచున పల్చబడింది, మెల్లిగా లోపలినుంచి నీలం పొంగుకొచ్చింది.

"వచ్చింది," అంది.

"ఊఁ," అంది అక్క.

స్ప్రింగు బిగించారు. అక్క తన వేలికొనను ఉక్కు రేకు పక్కనే ఆనించి పెట్టింది. టపాకాయ గోటితో మీట నొక్కింది. టప్! ఆవగింజకన్నా చిన్న నిప్పురవ్వ, ఎర్రగా, అక్క వేలి మీద పడి ఆరిపోయింది.

"వచ్చిందా?" అక్క అడిగింది.

టపాకాయ నోరు తెరిచింది. రాలిందీ అంటే పని అయిపోయినట్టే. నెమలికంఠం దాకా వెచ్చబెట్టిన స్ప్రింగు ఇక విరగదు. విరగకపోతే రేపు ఈ గదికి ఏమని వస్తుంది? చేతిలో ఏం పట్టుకుని వస్తుంది? ఎన్ని సభల్లో అరిచినా ఒక్క అబద్ధం ఆడని నోరు అది.

"రాలేదు," అంది.

అక్క చురుక్కుమన్న వేలికొనను పెదవికి ఆనించుకుంది.

"అట్లాగా. అయితే రేపు ఇంకోటి చేద్దాం. దీపం దగ్గర మాత్రం తొందరపడకు."

"పడను."

టపాకాయ గుమ్మం దాకా పోయింది. వెనకనుంచి అక్క గొంతు వినపడింది.

"రావడం మాత్రం తొందరగా రావే."