మూతి బిగించిన మహారాణి

పరదాలు కుట్టే బుడంకాయకు నలభై దాటినా ఆ ముద్దుపేరు మాత్రం వదల్లేదు. ఆదివారం వచ్చిందంటే చాలు, ఆమె వంటింటికి పూనకం వస్తుంది. అద్దం ఎప్పుడో పగిలిపోయిన అమ్మ నిలువుటద్దం చట్రాన్ని రెండు కుర్చీల మధ్య నిలబెడుతుంది. ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనిస్తుంది. నెత్తిన చిల్లుల గిన్నె కిరీటం, మెడలో కొలతల టేపు హారం, పై పెదవి మీద పరదా కుచ్చుల మీసం. మహారాణికి మీసమేమిటని అడగకండి, ఆవిడ ఇష్టం. చట్రం వెనక కూర్చుని నిమిషం పాటు పటంలా బిగుసుకుపోతుంది. ఆ వీడియో తిన్నగా అక్కకు వెళుతుంది.

ఇది వాళ్ళ చిన్ననాటి ఆటే. ఒకరు చట్రంలో పటమై కూర్చోవాలి, ఎదుటివాళ్ళు నవ్వించాలి. పటం నవ్వితే ఓడినట్టు. బుడంకాయ ఒక్కనాడూ గెలవలేదు. అక్క ఒక కనుబొమ్మ ఎగరేస్తే చాలు, పడీ పడీ నవ్వేది.

ఆ నవ్వే కొంప ముంచింది. అమ్మ పోయిన రోజు అక్క ఇంటికి పరామర్శకొచ్చిన ఒక పెద్దాయన కుర్చీలోంచి లేవబోయి, ఆసరాకని బుడంకాయ కుట్టిన పరదా పట్టుకున్నాడు. అది కమ్మీతో సహా ఊడి ఆయన మీదే పడింది. ఆయన లోపలినుంచే, "ధైర్యంగా ఉండాలమ్మా" అన్నాడు. బుడంకాయ కిసుక్కుమంది. ఆపుకున్నకొద్దీ పొంగుకొచ్చింది.

"అమ్మ ఎదురుగా నవ్వుతావా? ఇక నా గడప తొక్కకు" అంది అక్క. ఆ మాటకు రెండేళ్ళు.

తప్పు చేసింది నవ్వు కనుక, నవ్వకుండా కూర్చోవడమే క్షమాపణ అని బుడంకాయ అనుకుంది. వంద పటాలు దాటాయి. అక్క చూసినట్టు ఫోన్‌లో గుర్తు కనిపించేది, మాట మాత్రం వచ్చేది కాదు. అక్క గొంతు కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయేది.

"దీన్ని కళ అంటారటే, పదిమందికీ చూపించరాదూ?" అంది ఒకరోజు ఆ వీడియో చూసిన పరదాల కొట్టు యజమానురాలు.

"పదిమందెందుకండీ, మా అక్క ఒక్కతే పళ్ళికిలిస్తే చాలు."

ఆ ఆదివారం వీడియో పంపిన కాసేపటికే ఫోన్ మోగింది. అక్క!

"ఎన్నాళ్ళే నా మీద ఈ కోపం?"

"కోపమా? నాకా?"

"మరి? వారం వారం మూతి బిగించుకుని నన్నే గుడ్లురిమి చూస్తావు. ఒక్కదాంట్లోనైనా నవ్వుతావేమోనని చివరిదాకా చూస్తున్నా."

"నవ్వినందుకేగా రావద్దన్నావు. తప్పయిందని చెప్పుకుంటున్నా అక్కా."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"మొద్దుమొహమా" అంది అక్క. "అమ్మా పోయె, నీ నవ్వూ పోయె. ఇల్లు బావురుమంటోందే. ఆ గిన్నె ఇంకా నెత్తినే ఉందా?"

"ఉంది."

"ఏదీ, ఒక్కసారి నవ్వు."

బుడంకాయ నవ్వబోయింది. కళ్ళ నీళ్ళకు కుచ్చుల మీసం ఒక పక్క ఊడి వేలాడింది. నవ్వు మాత్రం రాలేదు.

"ఫోన్లో రావట్లేదక్కా. నువ్వెదురుగా కూర్చుని కనుబొమ్మ ఎగరెయ్యాలి."

"అయితే బయల్దేరు" అంది అక్క. "ఆ చట్రం కూడా పట్రా."