కుట్టు మిషన్ల మధ్య పాఠం

మా చెల్లెలి కూతురు ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఒక సబ్జెక్టు తప్పింది. వాళ్ల కాలేజీలో సప్లిమెంటరీలోనూ తప్పితే మూడో ఏడాదికి పంపరు. తోటివాళ్లంతా ముందుకెళ్లి తనొక్కతే మిగిలిపోతుంది. చదవలేదా అంటే చదివింది. వీడియో పాఠాలన్నీ రెట్టింపు వేగంతో చూసేసింది. మాస్టారు ఉడుతలా కిచకిచలాడుతుంటే, మధ్యమధ్య స్నేహితుల మెసేజీలకు జవాబులిస్తూ మరీ చూసింది.

"అంతా అర్థమైంది పెద్దమ్మా. పరీక్షలోనే గుర్తురాలేదు," అంది.

ఫోను లాగేసుకుందామంటే పాఠాలున్నది అందులోనే. అందుకని పిల్లను ఫోనుతో సహా మా కుట్టు దుకాణంలో నా మిషను పక్కన కూర్చోబెట్టాను. మెసేజీలు ఆపేసి, పాఠాన్ని మామూలు వేగంతో అందరికీ వినబడేలా పెట్టాలి. దారం అయిపోయి నేను బాబిన్ మార్చుకునేటప్పుడల్లా పాఠమూ ఆగాలి. ఆలోగా విన్నది మాకు చెప్పాలి. మాకు అంటే నాకూ, కాజాలు కుట్టే వదినకూ, ఇస్త్రీ చేసే తమ్ముడికీ.

మొదటి పాఠం దూలాల గురించి. బరువు పెడితే దూలం వంగుతుందని మాస్టారు చెబుతుండగా నా దారం అయిపోయింది. వంగితే ఏమవుతుందని అడిగాం. పిల్ల పాఠాన్ని వెనక్కి తిప్పి మళ్లీ విని, పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది అంది. ఉన్నది ఒక్క దూలమైతే సాగడమూ నొక్కుకోవడమూ రెండూ ఎలా చేస్తుందని వదిన నవ్వింది.

పిల్లకు రోషం వచ్చింది. కోటు భుజాల్లో పెట్టే స్పాంజి ముక్క అందుకుని, రెండు చివర్లూ పట్టుకుని మధ్యభాగాన్ని కిందికి వంచింది. పైన ముడతలు పడ్డాయి. కింద బిగిసింది.

"మరి మధ్యలో?" అన్నాడు తమ్ముడు, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి.

పిల్ల స్పాంజిని తిప్పి తిప్పి చూసింది.

"మధ్యలో సాగదు, నొక్కుకోదు మామయ్యా. పరీక్షలో అడిగింది ఇదే. నేను ఖాళీగా వదిలేశాను."

ఆ రోజు నుంచీ బాబిన్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని తనే ఎదురుచూసేది. మా పని మాత్రం నత్తనడక పట్టింది. కొలతలివ్వడానికి వచ్చినావిడ పాఠం అయ్యేదాకా కూర్చుని, ఇంతకీ ఆ దూలం నిలిచిందా అని అడిగి, కొలతలివ్వకుండానే వెళ్లిపోయింది.

పిల్ల సప్లిమెంటరీ పరీక్ష రాసింది. ఫలితం చూసిన రోజు దుకాణం మెట్ల మీద నుంచే కేక వేసింది. నన్ను వాటేసుకుంటే నా జాకెట్‌కి పెట్టుకున్న గుండుసూది గుచ్చుకుని "అబ్బా" అంటూనే నవ్వింది.

వదిన ఆగలేదు. వచ్చిన ప్రతి గిరాకీకీ "మేం పాసయ్యాం" అని చెప్పడం మొదలుపెట్టింది.

"మేమేంటత్తా? రాసింది నేనొక్కదాన్నే కదా," అంది పిల్ల.

"రాసింది నువ్వే కోడలా. నువ్వు చెప్పిందంతా కూర్చుని విన్నదెవరు?"