జనవరి కట్టెలు

కట్టుకున్న పెళ్ళాం పక్కగదిలో దగ్గితే రామమోహనరావుకి వినపడదు. పెరటి చివర బాయిలర్ చిన్నగా బుస కొడితే మాత్రం తింటున్న కంచం ముందునుంచి లేచి పరిగెడతాడు. దానికి మేత వేసే వేళలు తప్పవు. హైమ తిన్నదో లేదో అడిగిన పాపాన పోడు. ముప్పై ఏళ్ళు కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి, రిటైరవగానే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు అమ్మించి, గంట దూరంలో ఈ పదెకరాల అడవిలోకి తెచ్చి పడేసింది ఆ ఇనప సవతి కోసమేనని హైమ స్నేహితురాళ్ళతో అనేది.

చూడ్డానికి అదొక రేకుల కొట్టులా ఉంటుంది. లోపల కట్టెలు మండుతాయి, చుట్టూ నీళ్ళు కాగుతాయి, ఆ వేడినీళ్ళు భూమిలోని గొట్టాల గుండా ఇంట్లోకి వచ్చి గదుల్ని వెచ్చబెడతాయి. ఇది ఉండగా ఇంకొకటి ఎందుకని పాత గ్యాస్ ఫర్నేస్‌ని వేసవిలోనే పీకించేశాడు.

సెప్టెంబరులో హైమ చెల్లెలు గిరిజ క్యారీ అనే ఊరి నుంచి వచ్చింది. ఇక చేసే వైద్యం లేదని డాక్టర్లు చెప్పేశారు.

"చివరి రోజులకని ఉండే ఆ సెంటర్లలో పోనక్కా. నీ ఇంట్లో, నీ పోపు వాసనలో పోతాను," అంది.

క్రిస్మస్ దాకా ఉంటే గొప్ప అన్నారు. చిక్కి సగమైన మనిషి, చలికి ఓర్చుకోలేదు. ఆమె గది ఫారన్‌హీట్‌లో డెబ్భై ఎనిమిది డిగ్రీలు ఉండాలి.

"కట్టెలు సరిపోతాయా?" అని హైమ మొగుణ్ణి అడిగింది.

"మార్చి దాకా వస్తాయి. లెక్క కట్టాను."

"బావ లెక్క కట్టాక దేవుడు కూడా రీచెక్ చేయడక్కా," అంది గిరిజ.

నవంబరు దాకా సాఫీగానే గడిచింది. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి కట్టెలు వేస్తే చాలు. క్రిస్మస్ వచ్చింది, వెళ్ళింది. గిరిజ వెళ్ళలేదు.

"డ్యూ డేట్ దాటిపోయింది. ఫైన్ వేస్తారేమో," అని నవ్వి, ఆ పూట పెసరట్టు సగం తింది. హైమ వంటింట్లోకి వెళ్ళి కొంగుతో మొహం తుడుచుకుంది.

జనవరి రెండో వారంలో చలి సున్నాకి పన్నెండు డిగ్రీల కిందకి దిగి అక్కడే కూర్చుంది. దానికి తోడు గాలి. రోజుకి రెండుసార్లు తినే బాయిలర్ అయిదుసార్లు నోరు తెరిచింది. బయట ఎంత చల్లబడితే ఇల్లు అంత వేగంగా వేడి వదిలేస్తుంది. ఆ లోటంతా కట్టెలే పూడ్చాలి. నెలకని పేర్చిన వరస పది రోజులకే అడుగంటింది. వచ్చే ఏడాదికని కొట్టి పెట్టిన పచ్చి ఓక్ మొద్దులు వేశారు. అవి తమ తడి ఆర్చుకోవడానికే సగం మంట తినేసి పొగ మిగిల్చాయి. ఎండు కట్టెల కోసం ఎవరికి ఫోన్ చేసినా "సోల్డ్ అవుట్" అన్నారు.

గిరిజ గది అరవైకి పడింది. కరెంటు హీటర్లు పెడితే బ్రేకర్ పడిపోయి గిరిజ ఆక్సిజన్ మెషిన్ కూడా ఆగింది. శుక్రవారం పొద్దున, ఇంటికొచ్చి చూసే నర్స్ వచ్చి నీలంగా మారిన గోళ్ళు చూసి, ఈ చలిలో ఉంచడానికి వీల్లేదంది. ఊళ్ళో చివరి రోజుల వాళ్ళని ఉంచే సెంటర్‌కి తీసుకెళ్ళాలంది. గిరిజ సరేనంది.

అంబులెన్స్ వచ్చేలోగా వరండాలో హైమ మొగుణ్ణి నిలదీసింది. "మార్చి దాకా అన్నారుగా."

"ఇలాంటి చలి ఇరవై ఏళ్ళకోసారి వస్తుంది."

"జనవరి ఏడాదికోసారి వస్తుందండీ."

అతను గ్లవ్స్ తొడుక్కుని బాయిలర్ వైపు నడిచాడు.

గిరిజని రెండు కంఫర్టర్ దుప్పట్లలో చుట్టి స్ట్రెచర్ మీద తలుపు దాకా తెచ్చారు. హైమ వంగి ఆమె చెవులకి మఫ్లర్ చుడుతోంది.

"నా మూలాన మీ కట్టెలన్నీ బూడిదైపోయాయి బావా," అంది గిరిజ. గొంతు సగమే వచ్చింది.

రామమోహనరావు కోటు నిండా బెరడు ముక్కలు. గ్లవ్స్ తీసి, ఏం చేయాలో తెలియక మళ్ళీ తొడుక్కోబోయి ఆగాడు.

"డిసెంబరు ఆఖరు దాకానే నీ గదికి వేడి లెక్క వేశాను గిరిజా," అన్నాడు. "చలి ముదిరితే కట్టె రెట్టింపు పోతుందని నాకు తెలుసు. జనవరికి ఆ గదిలో ఎవరూ ఉండరనుకున్నాను. అరవై డిగ్రీలు చాలని రాసుకున్నాను."

హైమ చేయి మఫ్లర్ మీదే ఉండిపోయింది. గిరిజ అతని మొహంలోకి చూస్తోంది.

"తప్పు చేశానమ్మా," అన్నాడు.