సంచిలో ఎనిమిది పనిముట్లు

కుళాయిలమ్మ కుడిచెయ్యి విరిగిన మూడో రోజున, ఆమె పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఆమె భర్త బాలికల హాస్టలుకు వెళ్లాడు. ఆయన్ను అందరూ దర్జీ అంటారు. కుట్టుమిషన్ అమ్మేసి ఆరేళ్లయినా ఆ పిలుపు ఆయన్ను వదల్లేదు.

పని పెద్దదేమీ కాదు. స్నానాల గది బయట వాష్‌బేసిన్లు మూడు, పెట్టాల్సిన కుళాయిలు మూడు. కుళాయిలమ్మ పాతవి మూడూ విప్పింది. కొత్తవి పెట్టేలోపు తడి గచ్చు మీద కాలు జారింది. సెలవులకు వెళ్లిన పిల్లలు ఈ సాయంత్రం తిరిగి వస్తున్నారు. నాలుగింటికల్లా మూడింట్లోనూ నీళ్లు రావాలని, లేకపోతే ఈ ఏడాదంతా హాస్టలు పని ఊళ్లో ఇంకో కుళాయిల మేస్త్రీ పైపుల మామకు ఇచ్చేస్తానని వార్డెనమ్మ కబురు పెట్టింది. కుళాయిలమ్మకు ఖాయంగా ఉన్న పని ఇదొక్కటే.

దర్జీ ధైర్యంగానే బయల్దేరాడు. దుకాణం మూసినప్పటి నుంచి భార్య పక్కనే ఉన్నాడు. ఆమె బేసిన్ కింద వెల్లకిలా పడుకుని చెయ్యి బయటికి చాపేది. అరచెయ్యి తెరిస్తే ఒకటి, రెండు వేళ్లు వంచితే ఒకటి, పిడికిలి బిగిస్తే ఇంకొకటి ఆయన అందించేవాడు. ఆమె పేరు చెప్పలేదు, ఆయన అడగలేదు. వాళ్లను చూసినవాళ్లు మొగుడూ పెళ్లాలకు మాటల్లేవేమో అనుకునేవారు.

రెండింటికి గోనెపట్టా పరిచి సంచి బోర్లించాడు. ఎనిమిది పనిముట్లు. అన్నీ తెలిసిన ముఖాలే. ఏది ఎందుకో మాత్రం ఒక్కటీ తెలియదు.

ఫోను తీశాడు. బొమ్మలు కనిపించే ఫోను కాదు, నొక్కుడు ఫోను. కుళాయిలమ్మ ఆసుపత్రిలో ఉంది. పిండికట్టు బిగుసుకుందని మళ్లీ వేయించుకోవడానికి వరుసలో కూర్చుంది.

"ముందు ఏది తీసుకోను?"

"బేసిన్ రెంచి."

"అంటే ఏది?"

"ఆరేళ్లుగా అందిస్తున్నారు, ఏది అని ఇవాళ అడుగుతున్నారా?"

"నువ్వు ఎప్పుడైనా పేరు పెట్టి అడిగావా? చెయ్యి చాపావు, ఇచ్చాను. దానికి చెయ్యి ఎలా పెట్టేదానివో చెప్పు."

"గుర్తు రావట్లేదండీ. ఈ చెయ్యి కట్టులో ఉంది. ఎడమ చేత్తో పెట్టి చూస్తే ఏదీ కుదరట్లేదు." ఎవరో నంబరు పిలిచారు. "నాది కాదులెండి. సన్నగా పొడుగ్గా ఉంటుంది, పైన మూతి ఉంటుంది."

పట్టా మీద సన్నగా పొడుగ్గా ఉన్నది ఒకటే. ఊచ చివర కొక్కెంలా వంగిన మూతి. కొంగను పట్టుకున్నట్టు దాన్ని పట్టుకుని దర్జీ మొదటి బేసిన్ కిందికి దూరాడు. కుళాయి కాడ బేసిన్ కన్నంలోంచి కిందికి దిగి ఉంది. దానికి ఇత్తడి నట్టు వేళ్లతో ఎక్కించాడు. బేసిన్‌కూ గోడకూ మధ్య నాలుగు వేళ్ల సందు. కొంగను ఆ సందులోకి ఎక్కించి మూతి నట్టుకు తగిలించి కుడివైపు తిప్పాడు. కొంగ తిరిగింది, నట్టు తిరగలేదు. మళ్లీ తిప్పాడు. మూతి జారింది. ఎడమవైపు తిప్పి చూశాడు. ఈసారి మూతి పట్టింది, నట్టు కదిలింది. ఇంకో మూడు చుట్లు తిప్పేసరికి నట్టు ఊడి ఆయన గుండె మీద పడింది.

ఇది విప్పే పనిముట్టు, బిగించేది వేరే ఉంటుంది అని దర్జీ తేల్చుకున్నాడు. దర్జీ పనిలో కుట్టే సూది వేరు, కుట్లు విప్పే కత్తి వేరు. ఇక్కడా అంతే కాబోలనుకుని కొంగను పట్టా అవతలికి నెట్టేశాడు.

అప్పటికి పైపుల మామ వచ్చాడు. నాలుగింటికి రమ్మని వార్డెనమ్మ చెబితే మూడు కాకముందే వచ్చి బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు.

"ఏం దర్జీ బావా, కొలతలు తీసుకుంటున్నావా?"

"నీ నోటికి కాజాలు కుడదామని చూస్తున్నా."

"కుట్టు కుట్టు. గుండీలు నేను తెచ్చుకుంటా. గోడ గడియారం మాత్రం చూసుకో."

దర్జీ చూడలేదు. మర తిప్పితే నోరు పెరిగే స్క్రూ స్పానరు తీశాడు. దాని పిడి గోడకు తగిలి పావు చుట్టు కూడా తిరగలేదు. పెద్ద పట్టకారు తీశాడు. దాని తల సందులో పట్టలేదు. రింగు స్పానర్లు మూడూ నట్టుకు చిన్నవయ్యాయి. మిగిలినవి రంపం, పళ్లున్న పైపు రెంచి. అప్పుడు ఆయనకు ఒక ఉపాయం తోచింది. నట్టు తిరగకపోతే కుళాయినే తిప్పవచ్చు కదా. కింద నట్టును వేళ్లతో అదిమి పట్టుకుని, పైన కుళాయి మెడకు పైపు రెంచి తగిలించి తిప్పాడు. కుళాయి తిరిగింది. ముక్కు కూడా దాంతోపాటే తిరిగి గోడవైపు చూసింది. రెంచి తీసి చూస్తే మెడ మీద పళ్ల గాట్లు వరసగా పడి ఉన్నాయి.

పైపుల మామ మెడ చాచి చూసి, చుట్ట తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

మూడుంబావుకు దర్జీ మళ్లీ ఫోను చేశాడు.

"బిగించేది ఏది?"

"చెప్పానుగా."

"అది విప్పేది. తిప్పితే నట్టు ఊడి మీద పడింది."

"అయ్యో రాత. మూతి తిప్పారా?"

"మూతి తిప్పడం నీ విద్య. నాకేం వచ్చు?"

"వెటకారం తర్వాత. మూతి కీలు మీద ఉంటుంది. బొటనవేలితో అటు పడేస్తే బిగిస్తుంది, ఇటు పడేస్తే విప్పుతుంది. పాతవి విప్పి అలాగే వదిలేశాను. మీరు ఇచ్చాక నేను ఎప్పుడూ బొటనవేలితో సరిచేసుకునేదాన్ని."

దర్జీకి ఆ బొటనవేలు గుర్తు రాలేదు. పనిముట్టు చేతిలో పెట్టిన మరుక్షణం ఆమె చెయ్యి బేసిన్ కిందికి పోయేది. లోపల ఏం జరిగేదో ఆయన ఏనాడూ వంగి చూడలేదు.

కొంగను దగ్గరికి లాక్కున్నాడు. బొటనవేలితో నొక్కితే మూతి టక్కున అటు పడింది. నమ్మకం లేక ఇటు పడేశాడు, మళ్లీ అటు పడేశాడు. ఇప్పుడు ఏది అటో ఏది ఇటో తెలియలేదు. ఫోను పెట్టేశాక అడగడానికి మొహం చెల్లలేదు. తగిలించి చూడటమే దారి అనుకుని కిందికి దూరి కుడివైపు తిప్పాడు. నట్టు కదిలింది. కుళాయి ముక్కును పైనుంచి ఒక చేత్తో నిలబెట్టి, అది ఇక కదలకుండా అయ్యేవరకు బిగించాడు. కింద నీటి గొట్టం తగిలించే నట్టుకు స్క్రూ స్పానరు సరిపోయింది. అది ఆ పనికేనో, కాదో, సరిపోయింది కదా అని ఊరుకున్నాడు.

రెండోదానికి పదిహేను నిమిషాలు పట్టింది. మూడోదానికి నట్టు మరలు తప్పి అడ్డంగా ఎక్కింది. విప్పడానికి మూతి మళ్లీ తిప్పాల్సి వచ్చింది. బిగించేటప్పుడు తిప్పానా లేదా అని రెండుసార్లు బయటికి తీసి చూసుకున్నాడు.

వార్డెనమ్మ వచ్చేసరికి నాలుగుకు ఇంకా రెండు నిమిషాలున్నాయి. దర్జీ అప్పుడే కింది నుంచి లేచాడు. ఆమె వస్తూనే మూడు కుళాయిలూ తిప్పింది. మూడింట్లోనూ నీళ్లు వచ్చాయి. పాత కాగితం చింపి, వంగి, ఒక్కో అతుకు కింద పెట్టి చూసింది. రెండు పొడిగా ఉన్నాయి. మూడోది తడిసింది.

పైపుల మామ బకెట్ మీంచి లేచాడు.

"నాలుగయింది," అన్నది వార్డెనమ్మ.

"ఒక్క పావు చుట్టు," అన్నాడు దర్జీ. ఆమె ఒప్పుకుందో లేదో చూడకుండానే కిందికి దూరాడు. స్క్రూ స్పానరుతో పావు చుట్టు తిప్పి లేచాడు. ఆమె ఇంకో ముక్క చింపి పెట్టింది. చాలాసేపు పట్టుకుంది. తీసి చూపించింది. పొడిగా ఉంది.

"మొదటిదాని మీద ఈ గాట్లేమిటి?"

"అవి నావి. మా ఆవిడ చేతిలో ఏనాడూ గీత పడలేదు."

"అది నాకు తెలుసు. అందుకే అడిగాను." వార్డెనమ్మ గాట్ల మీద గోరుతో ఒకసారి రాసి చూసింది. "సరే. పని ఆమెదే. చెయ్యి నయమయ్యాక ఈ కుళాయి మార్చి ఇవ్వాలి. మార్చేది ఆమె, మీరు కాదు."

పైపుల మామ చుట్ట చెవి మీంచి తీసి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

దర్జీ ఫోను చేశాడు. "పని మనకే ఉంది."

"మూడూ పెట్టారా? దేంతో పెట్టారు?"

ఆయన పట్టా మీదకు చూశాడు. ఎనిమిదీ తడిగా, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

"ఇంటికి వచ్చాక చూపిస్తా," అన్నాడు.

"చూపించడమెందుకండీ? పేరు చెప్పండి."

"రాత్రికి చూపిస్తాలే," అని ఫోను పెట్టేసి, దర్జీ కొంగను చేతిలోకి తీసుకున్నాడు. మూతి ఇప్పుడు బిగించేవైపు ఉందో విప్పేవైపు ఉందో చూద్దామని బొటనవేలు దాని మీద పెట్టాడు.